రజాయి మధ్యలో గుట్ట

కుట్టుపని నేర్చుకోవడానికి మా ఇంటికొచ్చే అమ్మాయిలు ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు. "ఆంటీ, ఇన్నేళ్ళు రజాయిలు కుట్టారు కదా, మీరు కుట్టినవాటిలో అన్నిటికన్నా గొప్పది ఏది?" అని. గొప్పవి చాలానే కుట్టాను గానీ ఒక్కటీ గుర్తు లేదు. కొన్నవాళ్ళు కప్పుకున్నారు, వెచ్చగా పడుకున్నారు, అంతటితో సరి. బాగా గుర్తున్నది ఒకే ఒక్కటి, చెడగొట్టింది. ఆ సంగతి చెప్తానంటే పిల్లలు సూదులు కింద పెట్టేస్తారు. గొప్పల కోసం ఎవరూ పని ఆపరు, చూశారా.

పండరీ బట్టల మార్కెట్టు వెనక సందులో, ఒక గోదాము మీద ఉండేది మా కార్ఖానా. కార్ఖానా అంటే ఏమీ లేదు, ఒక పొడవాటి హాలు, నేల మీద చాపలు, మూలన దూది బస్తాలు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం కొత్తగా ఏర్పడి రాయ్‌పూర్ రాజధాని అయిన రోజులవి. ఎక్కడ చూసినా కొత్త ఆఫీసులు, కొత్త హోటళ్ళు, అన్నిటికీ పరుపులు, దుప్పట్లు, రజాయిలు కావాలి. మా నాన్న రైల్వే ఉద్యోగం మీద విజయనగరం వైపు నుంచి ఇక్కడికి వచ్చి ఇక్కడివాడే అయిపోయాడు. నేను పుట్టిందీ, పెళ్ళి చేసుకుని మోవాలో కాపురం పెట్టిందీ ఈ ఊళ్ళోనే. మా ఆయన సిల్తారాలో ఇనుము ప్లాంటులో పనిచేసేవారు. సాయంత్రం ఇంటికి వస్తే కళ్ళు, పళ్ళు తప్ప మిగతాదంతా నలుపే. మనిషిని గుమ్మం బయటే నిలబెట్టి రెండు బకెట్ల నీళ్ళు గుమ్మరిస్తే గానీ లోపలికి రానిచ్చేదాన్ని కాదు. రోజంతా తెల్లటి దూదితో పనిచేసేదాన్ని, మసి అంటే పాముని చూసినట్టు ఉండేది నాకు. పెళ్ళాం తనకన్నా దూదినే ఎక్కువ ప్రేమిస్తుందని ఆయన ఊరంతా చెప్పుకునేవారు. నేనూ కాదనలేదు.

మా హాల్లో ఎవరూ పెట్టని ఒక పద్ధతి ఉండేది. మొదటిరోజు ఏ పక్కన కూర్చుంటే జన్మంతా అదే పక్క. తెలుగు ఆడవాళ్ళం కిటికీ పక్కన, ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు గోడ పక్కన. వెలుతురు మా వైపు, మంచినీళ్ళ కుండ వాళ్ళ వైపు. వాళ్ళకు వెలుతురు కావాలంటే మమ్మల్ని అడగాలి, మాకు నీళ్ళు కావాలంటే వాళ్ళను అడగాలి. అడగడం నామోషీ కాబట్టి మేం దాహంతో కూర్చునేవాళ్ళం, వాళ్ళు చీకట్లో సూదికి దారం ఎక్కించుకునేవాళ్ళు. అలాగని పోట్లాటలేమీ లేవు. పండగలకు అరిసెలిస్తే తీసుకునేవాళ్ళు, వాళ్ళు శనగపిండి ఠేఠ్రీలు ఇస్తే మేం తినేవాళ్ళం. పని దగ్గర మాత్రం ఎవరి పక్క వాళ్ళదే.

గోడ పక్కవాళ్ళకు పెద్ద ఒకావిడ ఉండేది. అందరం దీదీ అనేవాళ్ళం. మోచేతుల దాకా గాజులు, మాట తక్కువ, చూపు ఎక్కువ. కిటికీ పక్కన పెద్దరికం నాది. నా పనితనం చూసి కాదు, నా గొంతు చూసి. మా పక్కనే ఇంకొకావిడ ఉండేది, మా కాలనీ మనిషే, రైల్వే గ్యాంగుమన్ గారి భార్య. వరసకు నేను వదినా అనేదాన్ని. ఆవిడకు తిండి, నిద్ర, కబుర్లు ఈ మూడూ ఇష్టం. కుట్టడం ఆ మూడింటి మధ్య దొరికిన టైములో.

ఇక్కడ పని సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మా తప్పు మీకు అర్థం కాదు. మా అమ్మలు ఇళ్ళల్లో కుట్టినవి బొంతలు. పాత చీరలు నాలుగు పొరలు పరిచి, అంచు నుంచి మొదలెట్టి కుట్టుకుంటూ పోవడమే. ఛత్తీస్‌గఢీ వాళ్ళ అమ్మలు కుట్టినవి కథరీలు, పేరు వేరు గానీ అవీ పాతచీరలే, వాళ్ళూ అంచు నుంచే. చీర మీద చీర కదలదు కాబట్టి ఎటునుంచి కుట్టినా పేచీ లేదు. రజాయి అలా కాదు. లోపల ఏకిన దూది ఉంటుంది, అరచేత్తో నొక్కితే ముందుకు జరుగుతుంది. ఇన్నాళ్ళూ మేం కుట్టినవి చిన్న రజాయిలు. ఒకటి కిటికీ పక్కకి, ఒకటి గోడ పక్కకి. ఈ అంచున మొదలెట్టి ఆ అంచుకు పోయేవాళ్ళం. జరిగిన దూది ఆ చివరకు చేరేది, అక్కడ కాస్త సర్దేస్తే చాలు. అలా ఏళ్ళ తరబడి మా అమ్మల అలవాటుతో నెగ్గుకొచ్చాం, మాకంతా వచ్చనుకున్నాం.

అప్పుడు మా కార్ఖానా యజమాని సేఠ్‌జీ ఒక మెషీను కొన్నాడు. రజాయిలు కుట్టే మెషీను. హాలు మూలన పెట్టించి, పైన దుప్పటి కప్పి ఉంచాడు. మంచివాడే సేఠ్, తిట్టినా నవ్వుతూ తిట్టేవాడు. ఒక రోజు అందరినీ పిలిచి కూర్చోబెట్టాడు.

"చూడండమ్మా, మెషీను రజాయి రోజుకు ఎన్ని కావాలంటే అన్ని వస్తుంది. మీది ఒక్కటి అవ్వాలంటే రోజులు పడుతుంది. చేతికుట్టు కావాలనే మనుషులు ఉంటే మీరు ఉంటారు, లేకపోతే నేనేం చెయ్యను?" అన్నాడు.

అలాంటి మనిషి ఒకావిడ ఉందని కూడా చెప్పాడు. ఊరి చివర కొత్తగా గెస్ట్‌హౌసు పెడుతోంది, మంచాలన్నీ పెద్దవి, ఇద్దరు హాయిగా పడుకునేవి. అన్నిటికీ చేతికుట్టు రజాయిలే కావాలట, కానీ ముందు ఒకటి కుట్టి చూపించాలి. నచ్చితే ఆర్డరంతా మాకే. నచ్చకపోతే దుప్పటి తీసి మెషీను నడుపుతాడు. హాల్లో ఉన్న ఆడవాళ్ళందరి కూడు ఆ ఒక్క రజాయి మీద ఉంది.

అంత పెద్ద రజాయి మేం ఎప్పుడూ కుట్టలేదు. ఒక పక్కవాళ్ళు కుడితే వారమైనా అవ్వదు. అందుకని మొట్టమొదటిసారి రెండు పక్కలవాళ్ళమూ ఒకే రజాయి మీదకు చెయ్యి వేశాం. హాలు మధ్యలో పరిచాం. అటు వాళ్ళు, ఇటు మేము. పందెం ఎవరు ముందు అన్నారో నాకిప్పటికీ తెలీదు. నేనే అన్నానని వాళ్ళంటారు, దీదీయే అందని నేనంటాను. ఏదైతేనేం, ఎవరు ముందు మధ్యకు చేరితే వాళ్ళు గెలిచినట్టు, ఓడినవాళ్ళు అందరికీ టీ, వేడివేడి ఆలుగుండాలు, అంటే మన బంగాళాదుంప బోండాలు, తెప్పించాలి.

ఆ పందెం పెట్టాక మా చేతులకు ఎక్కడలేని వేగం వచ్చింది. ఎడమచేత్తో దూదిని ముందుకు నొక్కడం, కుడిచేత్తో కుట్టు వెయ్యడం. కుట్టు కూడా చక్కగా పడింది, అబద్ధం చెప్పకూడదు. గింజలు పేర్చినట్టుంది. వదిన సైతం నిద్రపోకుండా కుట్టింది, ఆలుగుండాలు అంటే మాటలా! మూడోరోజు మధ్యాహ్నానికి రెండు పక్కలూ ఇంచుమించు ఒకేసారి మధ్యకు చేరుకున్నాం. చేరుకున్నాం అనడం కూడా తప్పే. మధ్యలో ఒక గుట్ట లేచి ఉంది, దానికవతల వాళ్ళ మొహాలు సగమే కనబడుతున్నాయి.

"ఏ దే! కా హోగే?" అంది దీదీ. ఇదిగో, ఏమైంది ఇది అని. ఆవిడ గొంతులో మొదటిసారి కంగారు విన్నాను.

"ఒలమ్మా, దీని కడుపులో ఏటున్నాదే?" అంది వదిన.

నేను రెండు చేతులతో నొక్కాను. నొక్కితే పక్కకు ఒరిగి, చెయ్యి తియ్యగానే మళ్ళీ లేచింది. దీదీ నొక్కింది. మళ్ళీ లేచింది. చేత్తో కొట్టాం, మోకాలితో అణిచాం, చివరకు వదిన దాని మీద కూర్చుంది. ఆవిడ కూర్చున్నంతసేపూ బాగానే ఉంది. లేవగానే అదీ లేచింది.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద సేఠ్‌జీ గొంతు వినబడింది. "రండి మేడమ్, రండి, జాగ్రత్త, మెట్టు ఎత్తు ఎక్కువ." ఆ గెస్ట్‌హౌసావిడ మర్నాడు కదా రావాల్సింది! పండరీలో కర్టెన్లు కొనడానికి వచ్చి, పనిలో పని చూసిపోదామనుకుందట.

విప్పడానికి టైము లేదు, దాచడానికి చోటు లేదు. నా బుర్రకు ఒక్కటే తోచింది. "వదినా, దూరు!" అన్నాను. ఆవిడకు నిద్రకు సంబంధించిన మాటలు ఒక్కసారి చెబితే చాలు. క్షణంలో రజాయి కింద మధ్యకంటా దూరి వెల్లకిలా పడుకుంది. గుట్ట కాస్తా వదిన బొజ్జ అయిపోయింది. నిజం చెప్పొద్దూ, చాలా సహజంగా కుదిరింది. దీదీ క్షణం ఆలోచించి, తల వైపు అంచు మడిచి, తన కొంగు నీళ్ళల్లో తడిపి వదిన నుదుటి మీద అద్దింది. వాళ్ళ కుండలోని నీళ్ళు మా మనిషి మీద పడటం అదే మొదలు.

మేడమ్ వచ్చింది. నడివయసు మనిషి, సిల్కు చీర, కళ్ళద్దాలు. సేఠ్‌జీ రజాయినీ దాని కింద మనిషినీ చూసి నోరు తెరిచాడు.

"ఏమైంది ఈవిడకి?"

"బుఖార్ సేఠ్‌జీ. చలిజ్వరం," అన్నాను.

"అయ్యో," అంటూ మేడమ్ వచ్చి వదిన పక్కనే చాప మీద కూర్చుంది. అంత మంచి మనిషి అవుతుందని మేం అనుకోలేదు, అదే మా కొంప ముంచింది. నుదురు మీద చెయ్యి వేసి, "చెమటలు పడుతున్నాయి, జ్వరం దిగుతోంది, లేపకండి," అంది. పట్టపగలు అంత దూది కింద పడుకుంటే చెమటలు పట్టవా మరి! వదిన మూలిగింది. ఆ మూలుగులో నటనేమీ లేదు. మేడమ్ రజాయి అంచు ఎత్తి చూసింది, కుట్టు మీద వేలు నడిపింది. "ఎంత బాగుంది! మెషీనుకు ఎక్కడ వస్తుంది ఇలాంటిది?" అంది. సేఠ్‌జీ ఛాతీ ఉబ్బింది. నేను, దీదీ ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా గోడను, కిటికీని చూస్తూ నిలబడ్డాం. ఇంకొక్క నిమిషం గడిస్తే గట్టెక్కేవాళ్ళం.

ఆ నిమిషంలోనే కింద టీ కొట్టతను పళ్ళెం పట్టుకుని పైకొచ్చాడు. పందెం తేలకముందే మా ఉత్సాహవంతురాలు ఒకామె చెప్పి ఉంచిందట. "గరమ్ ఆలుగుండా!" అని గుమ్మంలోంచే కేక పెట్టాడు.

వదిన లేచి కూర్చుంది. కూర్చోవడమేమిటి, రజాయి కింద నుంచి పాక్కుంటూ వచ్చి పళ్ళెం వైపు చెయ్యి కూడా చాచింది. చలిజ్వరం ఎటు పోయిందో దేవుడికెరుక. ఆవిడ వచ్చేసింది గానీ, ఆవిడ బొజ్జ మాత్రం రజాయిలోనే ఉండిపోయింది.

మేడమ్ ఒక వేలితో ఆ గుట్టను పొడిచింది. అది పక్కకు ఒరిగి మళ్ళీ లేచింది.

"ఇదేమిటి?"

నేను గోడ పక్కవాళ్ళ వైపు వేలు చూపించాను. సరిగ్గా అదే క్షణంలో దీదీ మా వైపు వేలు చూపించింది. ఇద్దరి వేళ్ళూ గుట్ట మీద ఇంచుమించు తగులుకున్నాయి. మేడమ్ ముందు మా వేళ్ళను చూసింది, తర్వాత నోట్లో ఆలుగుండాతో బిక్కమొహం వేసిన వదినను చూసింది. నవ్వు ఆపుకోలేకపోయింది. కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. మాకు మాత్రం నవ్వు రాలేదు.

నవ్వు అయ్యాక ఆవిడ లేచి నిలబడి అంది. "రెండు పక్కలా కుట్టు చాలా బాగుంది. కానీ నా అతిథులు పడుకునేది మధ్యలో కదమ్మా."

ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. తిట్టినా అంత సిగ్గుపడేదాన్ని కాదు. సోమవారం మళ్ళీ వస్తాను, సరిచేసి ఉంచండి, లేకపోతే మెషీనుదే చూపించండి అని చెప్పి వెళ్ళిపోయింది. ఆవిణ్ణి కింద దాకా దిగబెట్టి వచ్చి సేఠ్‌జీ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. నేరుగా మూలకు వెళ్ళి మెషీను మీద దుప్పటి లాగేశాడు. ఎప్పుడూ నవ్వుతూ తిట్టే మనిషి తిట్టకుండా వెళ్ళిపోతే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. మా పక్కన చిన్నామె ఒకత్తి ఏడుపు మొదలెట్టింది. గోడ పక్కన ఇంకొకత్తి అందుకుంది.

కుట్లు విప్పడానికి కూర్చున్నాం. మీరు దూదిని తోశారంటే మీరు తోశారని మళ్ళీ మొదలైంది. అప్పుడు వదిన, ఆఖరి ఆలుగుండా తింటూ, తీరిగ్గా అంది.

"ఎందుకే కొట్టుకుంటారు? నాను లోపల తొంగున్నాను గదా, సూసినాను. కిటికీ ఎలుతురు పడి కుట్లన్నీ గీతల్లాగ అగుపించాయి. ఇట్నించి మనం తోసుకొచ్చాం, అట్నించి ఆళ్ళు తోసుకొచ్చారు. జనరల్ బోగీకి రెండు తలుపుల్నించీ జెనం ఒకేపాలి ఎక్కితే మద్దినున్నోడు ఎక్కడికి పోతాడు? నెత్తి మీదికి లెగుత్తాడు. అంతే ఇది."

నేను విప్పడం ఆపేశాను. దీదీకి హిందీలో చెప్పాను. దీదీ కూడా సూది కింద పెట్టేసింది. రైలు మాట చెబితే అర్థం కాని మనిషి ఆ హాల్లో ఎవరున్నారు? అయితే ముందు మధ్యలోవాళ్ళు సర్దుకోవాలి, అక్కణ్ణించి తలుపుల వైపు జరుగుతూ రావాలి. అంటే కుట్టు మధ్యలో మొదలెట్టి అంచులకు పోవాలి. మా అమ్మలు చేసినదానికి సరిగ్గా తలకిందులు.

చెప్పుకోవడానికి బాగానే ఉంది గానీ మధ్యలో ఎవరు కూర్చోవాలి? మధ్య అనేది ఏ పక్కదీ కాదు. కిటికీ పక్కవాళ్ళు కూర్చుంటే గోడ పక్కకు కోపం, వాళ్ళు కూర్చుంటే మాకు. పాత కుట్లన్నీ విప్పి దూది సమంగా సర్దాక దీదీయే తేల్చింది. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, రజాయి నడిమధ్యకు నడిచి గోడకేసి తిరిగి కూర్చుంది. "ఆవో బహినీ," అంది వెనక్కి చూడకుండా, రా చెల్లీ అని. నేనూ కాళ్ళు కడుక్కుని వెళ్ళి ఆవిడ వీపుకు నా వీపు ఆనించి కిటికీకేసి తిరిగి కూర్చున్నాను. ఆవిడ దూదిని తనకు ముందుకు నొక్కుతూ అటు, నేను నాకు ముందుకు నొక్కుతూ ఇటు. మిగతావాళ్ళు మా ఇద్దరికీ చెరో వైపూ కలగలిసి చేరారు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ.

వీపుకు వీపు ఆనించి కూర్చుంటే ఒక సౌకర్యం ఉంది. మొహం కనబడదు కాబట్టి ఏదైనా మాట్లాడుకోవచ్చు. అన్నేళ్ళు ఎదురెదురుగా కూర్చుని తెలుసుకోనివి ఆ పూట తెలుసుకున్నాను. మెషీను వస్తే తను ఊరికి పోయి పొలంపని చెయ్యాల్సిందేననీ, నడుం ఒప్పుకోదనీ, రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదనీ చెప్పింది దీదీ. నాకూ పట్టడం లేదని చెప్పాను. మా ఆయన ప్లాంటు జీతం ఉందిలే అని ఎవరైనా అనుకుంటారు గానీ, నా సంపాదన అంటూ లేకపోతే నా గొంతు ఇంట్లో ఇంత గట్టిగా ఉండదని చెప్పాను. ఆవిడ నవ్వితే ఆ కుదుపు నా వీపుకు తెలిసింది. కాసేపటికి ఆవిడే లేచి, కుండలోంచి నీళ్ళు ముంచి, నేను అడక్కుండానే తెచ్చి ఇచ్చింది. అన్నేళ్ళ దాహమూ తీరినట్టయింది నాకు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోవడమెందుకు?

ఒక్కో వరస కుడుతూ ఒకరికొకరం దూరమవుతూ అంచులకు చేరాం. మిగిలిన దూదంతా మా ముందు నడుచుకుంటూ వచ్చి అంచుల దగ్గర చేరింది. అక్కడ విప్పి, ఎక్కువైంది తీసేసి, మూసేశాం. పరిచి చూస్తే మాకే నమ్మకం కలగలేదు. వదిన బోర్లా పడుకుని, చెంప నేలకానించి ఒక కన్నుతో చూసి, ఎక్కడా ఏ గుట్టా లేదని తీర్పు చెప్పింది.

సోమవారం మేడమ్ వచ్చింది. ఈసారి కుట్టు చూడలేదు, అంచు ఎత్తలేదు. చెప్పులు విప్పి, ఆ సిల్కు చీరతోనే వెళ్ళి రజాయి నడిమధ్యలో వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకుంది. సేఠ్‌జీ చేతులు కట్టుకుని దేవుడి ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు. ఎంతసేపటికీ ఆవిడ లేవదు. నిద్రపోయిందేమో అనుకున్నాం. చివరకు కళ్ళు తెరవకుండానే అడిగింది.

"ఆ జ్వరం ఆవిడ ఎక్కడ? రమ్మనండి, ఇద్దరు పడతారో లేదో చూడాలి."

వదినకు రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆర్డరంతా మాకే వచ్చింది. దాని వెనక ఇంకా వచ్చాయి. సేఠ్‌జీ మళ్ళీ నవ్వుతూ తిట్టడం మొదలెట్టాడు. మెషీనును అమ్మలేదు, దిండు గలీబులకు, చిన్నవాటికి వాడాడు. అది నేర్చుకున్నది ఎవరనుకున్నారు? ఆ రోజు ఏడ్చిన ఇద్దరమ్మాయిలే. పెద్ద రజాయి మాత్రం నేను పని మానేసేదాకా చేత్తోనే, మధ్యలోనుంచే. కిటికీ పక్క, గోడ పక్క అనే పేర్లు పోలేదు గానీ కుండను తెచ్చి హాలు మధ్యలో పెట్టాం. దానికి ఎవరు నీళ్ళు పోయాలన్న దాని మీద మాత్రం నేను మానేసేదాకా గొడవ జరుగుతూనే ఉంది.

కథ ఇక్కడికి రాగానే కుట్టు నేర్చుకునే అమ్మాయిలతో అంటాను, మీకు నేను చెప్పేదల్లా ఇంతే, పిల్లలూ. గుట్ట లేచినప్పుడు దాన్ని అణచడానికి మేం ఎన్ని పాట్లు పడ్డామో చూశారుగా. ఎంత నొక్కితే అంత లేచింది. పని చెడితే నొక్కకండి, విప్పండి. విప్పడం మొదలెట్టాకే మాకు బుద్ధి వచ్చింది. అదీ ఆలుగుండా తింటున్న మనిషి వల్ల.

మోకాళ్ళు మొరాయించి నేను పని మానేసిన రోజున హాల్లో చిన్న సభ చేశారు. దీదీ అప్పటికే మానేసింది గానీ, ఊరి నుంచి బస్సెక్కి వచ్చింది. వదిన మిఠాయి పళ్ళెం పక్కనే చోటు చూసుకుంది. అందరూ కలిసి నాకొక కట్ట చేతిలో పెట్టారు. ఇక్కడ విప్పొద్దు, ఇంటికి వెళ్ళి విప్పమన్నారు. మొహాలు చూస్తే ఏదో కుట్ర జరిగినట్టే ఉంది.

ఇంటికొచ్చి మంచం మీద పరిచాను. ఎర్రటి రజాయి, గింజలు పేర్చినట్టు కుట్టు. సరిగ్గా మధ్యలో ఒక గుట్ట. నొక్కితే పక్కకు ఒరిగి మళ్ళీ లేచింది. కావాలనే అటు ఒక జట్టు, ఇటు ఒక జట్టు కూర్చుని అంచుల నుంచి కుట్టుకొచ్చారట. నాకు తెలియకుండా నాలుగు రోజుల ముందే వచ్చిన దీదీ గోడ పక్కన, వదిన కిటికీ పక్కన.

మా కోడలికి అది చూసి ప్రాణం ఉసూరుమంది. "ఇంత మంచి రజాయి, మధ్యలో ఇలా అయిందేమిటత్తయ్యా? ఇటివ్వండి, నేను విప్పి సరిచేస్తాను," అంది. పాపం, నా దగ్గరే నేర్చుకున్న పిల్ల.

"చెయ్యి వేశావంటే చూడు," అన్నాను.

జనవరిలో మా మోవాలో చలి బాగానే ఉంటుంది. ఆ రజాయి కప్పుకుని మోకాళ్ళు కాస్త పైకి మడిస్తే ఆ గుట్ట వచ్చి సరిగ్గా మోకాళ్ళ మీద కూర్చుంటుంది, నొప్పులకు కాపడం పెట్టినట్టు. తెలిసే కుట్టారో తెలియక కుట్టారో నేను అడగలేదు. వెచ్చగా ఉంటుంది, నిద్ర బాగా పడుతుంది.